పాలలో దాచిన ఇనుము

మార్చి 4

పదకొండో బ్యాచ్. మొదటి పదీ పాడయ్యాయి. ఇది నిలిచేలా ఉంది.

ఉదయం తొమ్మిదింటి నుంచి మూడింటిదాకా కూర్చోలేదు. ఇనుప లవణం కరిగిన నీళ్ళను నూనెలో పోసి మిషన్‌లో గట్టిగా గిలక్కొట్టాం. ఆ నూనెను పాలలో పోసి ఈసారి మెల్లగా తిప్పాం. రెండోసారి కాస్త జోరు ఎక్కువైతే చాలు, లోపలి చుక్కలు పగిలి ఇనుమంతా పాలలోకి వచ్చేస్తుంది. మైక్రోస్కోపులో చూస్తే ప్రతి నూనె బొట్టు లోపలా బోలెడన్ని చిట్టి నీటి చుక్కలు. మా టెక్నీషియన్ కూడా వంగి చూసింది. టీలో చక్కెర సైతం తూకం వేసుకునే మనిషని ఆమెను అందరం కొలతలక్క అంటాం.

"అన్నీ కడుపుతో ఉన్నట్టున్నాయి మేడమ్" అంది నవ్వుతూ. వెంటనే నాలిక్కరుచుకుంది. చెల్లి సంగతి ఆమెకు తెలుసు.

"పర్లేదు" అన్నాను.

సగం సీసాలు ఫ్రిజ్‌లో పెట్టాం. మిగతా సగం నలభై డిగ్రీల వేడి పెట్టెలో. ఈ పాలు వెళ్ళేది బడులకు, అక్కడ ఫ్రిజ్‌లు ఉండవు కదా. ఇరవై ఒక్క రోజులు ఆగి చూడాలి.

ఇంటికొచ్చి టీ తాగితే ఇనుము రుచి. చేతులు సరిగ్గా కడుక్కోలేదేమో.

మార్చి 6

చెల్లి కూతురు పిట్ట హోంవర్కు చేస్తూ చేస్తూ అడిగింది. "పెద్దమ్మా, నువ్వు ఆఫీసులో ఏం చేస్తావ్? టీచర్ అడిగింది. నాకు తెలీక వంట చేస్తుందని చెప్పేశా."

"కొంచెం అలాంటిదే. కొందరి ఒంట్లో రక్తం తక్కువుంటుంది. వాళ్ళకి ఇనుము కావాలి. ఇనుము బాగుండదు కాబట్టి నోటికి తెలియకుండా పాలలో దాస్తాం. కడుపులోకి వెళ్ళాక బయటికొస్తుంది."

"అంటే మోసం చేస్తారా?"

అమ్మ వంటింట్లోంచి పకపకా నవ్వింది. అమ్మ అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

పిట్టకి జూన్‌లో ఏడు నిండుతాయి. అంటే చెల్లి పోయి కూడా ఏడేళ్ళు. ఒక్క రోజు తేడా.

మార్చి 10

బడిలో పిల్లలందరికీ రక్తం పరీక్ష చేశారట. పిట్ట చేతికి చీటీ ఇచ్చి పంపారు. తక్కువ ఉంది.

అమ్మ ఆ చీటీని మూడుసార్లు చదివింది. మడిచి దేవుడి పటం వెనక పెట్టింది. మళ్ళీ తీసి చదివింది.

మార్చి 11

ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు కొత్త మనిషి, కుర్రాడు. గది మాత్రం అదే. బల్ల కూడా అదేనేమో, అంచున అదే చెక్క లేచిపోయి ఉంది. పిట్ట ఆ పెచ్చును గోటితో గిల్లుతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. గట్టిగా పట్టుకున్నాను కాబోలు, "అబ్బా" అంది.

సిరప్ రాశాడు. రోజుకు రెండు చెంచాలు, మూడు నెలలు.

ఆ రోజు ఇదే గదిలో, ఏడో నెలలో, డాక్టరమ్మ "టాబ్లెట్లు వేసుకుంటున్నావా అమ్మా?" అని అడిగింది. చెల్లి వేసుకుంటున్నానంది. నేను పక్కన కూర్చున్నాను. అంతే.

మార్చి 13

ఈ సాయంత్రం పైన ఎవరో నడిచారు.

పై రెండు గదులూ మరిదివి. చెల్లి ఉన్నప్పుడు ఇద్దరూ అక్కడే కాపురముండేవాళ్ళు. ఇప్పుడు అతను ఒక్కడే. దూరం బస్సు నడుపుతాడు కాబట్టి వారానికి నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. ఇవాళ కూడా లేడు. అమ్మ కూరగాయలకు వెళ్ళింది. నేను అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతున్నాను. నెత్తి మీద మెత్తగా నాలుగైదు అడుగులు. తర్వాత కుళాయి తిప్పిన చప్పుడు, ధారగా, పూర్తిగా తిప్పినట్టు.

చెల్లి అలాగే తిప్పేది. టాబ్లెట్ వేసుకోగానే వాంతి వచ్చేది. ఆ చప్పుడు కింద అమ్మకి వినపడకూడదని కుళాయి పూర్తిగా వదిలేది.

పక్కింటి కుళాయి అయ్యుంటుంది. గోడలు పల్చన.

మార్చి 14

మళ్ళీ కుళాయి. ఆరుంపావు.

మార్చి 17

రుచి చూసేవాళ్ళు పన్నెండు మంది. వాళ్ళలో నేనొకదాన్ని. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు తలా ఒక కప్పు, పక్కన మామూలు పాలు ఒక కప్పు. పది మంది తేడా లేదన్నారు. అకౌంట్స్ సెక్షన్ నుంచి వచ్చినాయన మాత్రం "నోట్లో తాళంచెవి పెట్టుకున్నట్టుంది" అన్నాడు. అందరూ నవ్వారు.

నా రెండు కప్పుల్లోనూ ఇనుమే. మామూలు పాలలో కూడా. పొద్దున తాగిన మంచినీళ్ళలో కూడా. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను, చిగుళ్ళు శుభ్రంగా ఉన్నాయన్నాడు.

కాగితం మీద "తేడా లేదు" అని రాశాను. నిజమే కదా. రెండింటికీ తేడా లేదు.

మార్చి 20

పెద్దసారు పిలిచారు. బడుల కమిటీ ఇరవయ్యారున వస్తుందట. వాళ్ళు ఊఁ అంటే ఏప్రిల్ ఏడున నలభై బడులకు లారీ బయల్దేరుతుంది.

"మూడేళ్ళు ఓపిక పట్టానమ్మా. ఈసారి పట్టు జారిపోకూడదు" అన్నారు. ఆయనది మెత్తటి స్వభావం. అరిచే మనిషయితే బాగుండేది.

బిస్కెట్ల పని వదిలి ఈ పని నాకిమ్మని వెంటపడి అడిగింది నేనే. ఎందుకని ఆయన అడగలేదు.

మార్చి 22

కుళాయి. రోజూ ఆరుంపావుకే. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను.

ఆ డాక్టరమ్మ అడిగినప్పుడు చెల్లి తల ఊపింది. నోరు విప్పి చెప్పలేదు, తల ఊపింది. నేనేమైనా మాట్లాడానేమో కూడా. ఏడేళ్ళ కిందటి మాట, అక్షరం అక్షరం ఎవరికి గుర్తుంటుంది?

మార్చి 25

ఇరవై ఒకటో రోజు. ఫ్రిజ్ సీసాలు బాగున్నాయి.

వేడి పెట్టెలోవి రేపు చూస్తాం. కొలతలక్క తొందరగా వెళ్ళాలంది.

మార్చి 26

కమిటీ వాళ్ళు ఐదుగురు వచ్చారు. ఫ్రిజ్ సీసాల లెక్కలు తెర మీద చూపించాను. నూటికి తొంభై మూడు పాళ్ళ ఇనుము లోపలే ఉంది. అందరూ తలలూపారు. చివర్లో ఒక హెడ్‌మిస్ట్రెస్ చెయ్యెత్తింది. జుట్టు నెరిసిన మనిషి, చేతిలో పాత నోటుబుక్కు.

"వేసవిలో మా స్టోరు గది కొలిమిలా ఉంటుందండీ. అక్కడ నెల పాటు పెడితే ఏం కాదు కదా?"

"ఏం కాదండీ" అన్నాను.

ఆవిడ నా మాట నోటుబుక్కులో రాసుకుంది. కొలతలక్క నేల చూస్తోంది.

ఆ రెండు మాటలూ ఎంత తేలిగ్గా వచ్చాయో. మర్యాదగా, చకచకా, చిన్న నవ్వుతో. ఆ గొంతు నేనింతకుముందు విన్నాను.

మార్చి 27

ఇవాళ మెట్లెక్కాను.

ఆరుంపావు. అమ్మ ఇంట్లో లేదు. పైన తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల కుళాయి ధారగా పోతోంది. చెల్లి వంటింట్లో చెల్లి సింకు. అక్కడ చెల్లే నిలబడి ఉంటుందనుకున్నాను. రాసుకోవడానికి సిగ్గేమీ లేదు, నిజంగానే అనుకున్నాను. భయం కూడా వెయ్యలేదు. అడగాల్సిన మాట కూడా నోట్లో సిద్ధంగా ఉంది.

పీట మీద నిలబడి పిట్ట. ఒక చేతిలో సిరప్ సీసా. రెండో చేతిలో చెంచా. రెండు చెంచాలు కొలిచి మరీ సింకులో పోస్తోంది, సీసాలో మందు లెక్క తప్పకుండా. నల్లటి చారిక నీళ్ళలో జారిపోతోంది.

నన్ను చూసి బిక్కచచ్చిపోయింది.

"తుప్పు తాగినట్టుంది పెద్దమ్మా. కడుపులో తిప్పుతోంది. అమ్మమ్మకి చెప్పవుగా?"

"చెప్పనులే" అన్నాను.

అన్నాను. ఒక్క క్షణం కూడా ఆగకుండా అన్నాను.

మార్చి 28

సెలవు పెట్టాను. తలనొప్పని చెప్పాను. అది కూడా అబద్ధమే. ఇక రాసేస్తాను.

వేడి పెట్టె సీసాలు ఇరవయ్యైదునే చూశాం. కొలతలక్క ఎక్కడికీ తొందరపడలేదు. పాలు బూడిద రంగుకు తిరిగాయి. నీటి భాగం వేరు చేసి పరీక్ష మందు రెండు చుక్కలు వేశాను. ఇనుము బయటికి రాకపోతే రంగు మారదు. నారింజ పండు రంగొచ్చింది. ఇంకో సీసా. ఇంకా ఎర్రగా. ఆరు సీసాలు చూశాం, ఆరూ అంతే. సగానికి పైగా ఇనుము బయటికొచ్చేసింది.

"ఏం రాయమంటారు మేడమ్?" అని అడిగింది అక్క.

"ఇవాళ్టికి ఏమీ రాయొద్దు" అన్నాను.

ఆ పాలు నలభై బడులకు వెళ్తాయి. పిల్లలు ఒక్క గుక్క తాగి మిగతాది పారబోస్తారు. ఖాళీ గ్లాసులు చూసి టీచర్లు తాగారని రాసుకుంటారు. ఏ పిల్లకి రక్తం పెరగకపోయినా, ఇంత ఇనుము ఇచ్చినా పెరగలేదే అని జబ్బు ఇంకెక్కడో వెతుకుతారు.

ఇక ఆ గది.

డాక్టరమ్మ రిపోర్టు చూసి, "రక్తం బాగా తక్కువుంది. టాబ్లెట్లు రోజూ వేసుకుంటోందా? వేసుకోలేకపోతే చెప్పండి, నరంలోంచి ఎక్కిస్తాను. రెండు పూటలు ఇక్కడుంటే చాలు" అంది.

ఆవిడ అడిగింది చెల్లిని కాదు. నన్ను చూసి అడిగింది. చదువుకున్నదాన్ని, తిండి సైన్సు తెలిసినదాన్ని అని.

బల్ల కింద చెల్లి నా వేళ్ళు నొక్కింది. దానికి సూదంటే చచ్చేంత భయం. వచ్చే దారిలోనే చెప్పింది, "అక్కా, పారేస్తున్నానని చెప్పావంటే జన్మలో నీతో మాట్లాడను." చెబితే సాయంత్రం దాకా అక్కడే ఉండిపోవాలి. మేమిద్దరం పుట్టబోయే బిడ్డకి బట్టలు కొనడానికి వెళ్ళాలనుకున్నాం. నాకూ ఉత్సాహంగా ఉంది.

"రోజూ వేసుకుంటోందండీ. నా కళ్ళ ముందే వేసుకుంటుంది" అన్నాను.

చెల్లి అనలేదు. తల ఊపలేదు. నేనన్నాను. మర్యాదగా, చకచకా, చిన్న నవ్వుతో.

పసుపుపచ్చ గౌను కొన్నాం. రెండు నెలల తర్వాత కాన్పులో రక్తస్రావం. రక్తం మామూలుగా ఉండే మనిషైతే తట్టుకునేదన్నారు. తెల్లారేసరికి చెల్లి లేదు.

చెబితే బతికేదా? తెలియదు. ఏడేళ్ళుగా ఆ "తెలియదు" వెనకే దాక్కున్నాను.

మార్చి 29

అమ్మకి చెప్పాను.

ముందు పిట్ట సిరప్ సంగతి చెబుదామనుకున్నాను. నోరు తెరిస్తే చెల్లి సంగతే వచ్చింది. పిట్ట పక్కింట్లో ఆడుకుంటోంది. అమ్మ నాకు అన్నం వడ్డిస్తోంది. చివరిదాకా అడ్డు చెప్పకుండా వింది. గరిటె గిన్నెలో పెట్టింది. మూత పెట్టింది.

"ఏడేళ్ళు నా చేతి అన్నం తిన్నావు" అంది.

అంతే. చేతులు కడుక్కుని పైకెళ్ళిపోయింది.

మార్చి 30, ఆదివారం

మరిది డ్యూటీ దిగి వచ్చేసరికి అమ్మ అతని గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కిందికొచ్చి "ఏమైంది వదినా?" అన్నాడు. అతనికీ చెప్పాను.

బస్సు తాళాలు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"నాకు ఖాళీ టాబ్లెట్ అట్టలు చూపించేది వదినా. వేసేసుకున్నా చూడు అని. నేను నమ్మేవాణ్ణి."

"నేనే చెప్పుండాల్సింది."

"చెప్పుండాల్సింది" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, ఓదార్పూ లేదు. లేచి వెళ్తూ, "పిట్టకి ఈ మాట ఎప్పుడు చెప్పాలో నేను చూసుకుంటాను. అప్పటిదాకా మీరు చెప్పొద్దు" అన్నాడు.

సరే అనబోయి ఆగాను. "పిట్టే అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను" అన్నాను.

నా మొహంలోకి చూశాడు. తలుపు మెల్లగా వేసుకుని వెళ్ళాడు.

మార్చి 31

ఉదయం ఆసుపత్రి. ఆ బల్ల ముందే కూర్చుని కుర్ర డాక్టరుతో చెప్పాను. "మందు పారబోస్తోందండీ. ఇచ్చిన రోజు నుంచీ."

పిట్ట నావైపు చూసిన చూపు! "చెప్పనన్నావుగా!" అని అక్కడే ఏడ్చింది.

"అనకూడనిది అన్నాను. తప్పు నాదే" అన్నాను.

డాక్టరు తిట్టలేదు. "చెప్పారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఇంకో నెల చూసి పెద్ద పరీక్షలు రాసేవాణ్ణి" అన్నాడు. మోతాదు తగ్గించి, అన్నం తిన్నాక వేసుకునే వేరే మందు రాశాడు. దానికీ పడకపోతే మళ్ళీ రమ్మన్నాడు.

అక్కణ్ణుంచి పెద్దసారు గదికి. ఆరు సీసాల లెక్కలూ బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"కమిటీ ముందు ఎందుకలా చెప్పావు?"

"తెలియదు సార్. తేలిగ్గా వచ్చేసింది."

"ఆవిడకి ఫోన్ చేసి నువ్వే చెప్పు. నేను చెప్పను."

చేశాను. హెడ్‌మిస్ట్రెస్ అంతా విని, "ఆ రోజు రాసుకున్నాను. ఇప్పుడు కొట్టేస్తున్నా" అంది. ఫోన్‌లోంచి కలం గీసిన చప్పుడు వినిపించింది.

లారీ ఆగిపోయింది.

ఏప్రిల్ 3

అమ్మ పైనే ఉంటోంది. వంట పైన చేసి పిట్టకి కిందికి పంపుతోంది. నాకు పంపడం లేదు. ఇప్పుడు రోజంతా నెత్తి మీద అడుగులు. ఎవరివో తెలుసు. ఆ తెలియడమే భరించలేకుండా ఉంది.

ఏప్రిల్ 4

పిట్ట మందు వేసుకుంది. మొహం వికారంగా పెట్టింది కానీ మింగింది. నాలుక చాపి చూపించింది. "నమ్మకం లేదుగా నీకు, చూస్కో" అంది.

ఏప్రిల్ 9

పథకం ఆరు నెలలు వాయిదా. నన్ను తీసెయ్యలేదు. కొలతలక్క కాంట్రాక్టు మాత్రం ఈ నెలాఖరుతో సరి. పథకం జీతం మీద ఉన్న మనిషి.

ఆమే అంది, "నేనూ నోరు మూసుకుని కూర్చున్నాగా మేడమ్. మా చిన్నది ఆ నలభై బడుల్లో ఒకదాంట్లోనే చదువుతోంది." తర్వాత, "నెలాఖరు దాకా ఉన్నాగా, రండి, ఎందుకు పగులుతున్నాయో చూద్దాం" అంది.

పెద్దసారు దగ్గరికి వెళ్ళి ఆమె కోసం అడిగాను. చూద్దామన్నారు. రేపు మళ్ళీ అడుగుతాను.

ఏప్రిల్ 12

దొరికింది. లోపలి ఉప్పునీళ్ళు బయటి నీళ్ళను లాక్కుని ఉబ్బుతున్నాయి. వేడికి నూనె పొర పలచబడి ఆ ఒత్తిడికి చిట్లుతోంది. బయట పాలలో చక్కెర పెంచి రెండు వైపులా లాగుడు సమం చేస్తే లాక్కోవు. కొలతలక్క నాలుగు పాళ్ళలో కలిపింది. మూడోది బాగుంది.

పన్నెండో బ్యాచ్ ఒక్క సీసా కూడా ఫ్రిజ్‌లో పెట్టలేదు. అన్నీ వేడి పెట్టెలోకే.

ఏప్రిల్ 20

పిట్ట పైనుంచి కబురు తెచ్చింది. "నువ్వు తింటున్నావా లేదా అని అమ్మమ్మ అడిగింది."

"ఏం చెప్పావు?"

"బ్రెడ్డు తింటున్నావని చెప్పా."

ఏప్రిల్ 26

కొలతలక్కకు మూడు నెలలు పొడిగించారు. పెద్దసారు కాగితం నా చేతికే ఇచ్చి, ఆమెకి అందించి రమ్మన్నారు. ఆమె చదివి మడత పెట్టుకుని మళ్ళీ సీసాలు కడగడానికి వెళ్ళిపోయింది.

మే 3

పన్నెండో బ్యాచ్, ఇరవై ఒకటో రోజు. వేడి పెట్టె సీసాలు ఆరు. పరీక్ష మందు వేస్తే లేత రంగు. అసలు లేకపోలేదు. నూటికి పద్నాలుగు పాళ్ళు బయటికొచ్చింది. అలాగే రాశాం.

రుచి చూడ్డానికి ఈసారి మా వాళ్ళెవరూ వద్దన్నాను. బడి పిల్లల ఇళ్ళ నుంచి రమ్మని వేసవి సెలవులకు ముందే నోటీసు పంపాం. అది పిట్ట బడికి కూడా వెళ్ళింది.

నేను రుచి చూడను. నా నోరు ఇంకా అలాగే ఉంది.

మే 5

రుచి చూసేవాళ్ళు గోడకి అటువైపు చిన్న చిన్న అరల్లో కూర్చుంటారు. నేను ఇటువైపు ఉంటాను. మధ్యలో పలక జరిపితే తెరుచుకునే కిటికీ. మొహం కనపడదు, చేతులే కనపడతాయి. ఒక్కొక్కళ్ళకీ మూడు కప్పులు. రెంటిలో మామూలు పాలు, ఒకదాంట్లో మావి. వేరేది ఏదో చెప్పాలి.

ఎనిమిదో అరలో పలక జరిపేసరికి అమ్మ చేతులు.

ఆ చేతులు తెలియకపోవడమేమిటి. ఎడమ బొటనవేలి మీద కాలిన మచ్చ, అరిగిన గాజులు. కప్పులు పెడుతుంటే ఒలికాయి. నేనున్నానని ఆవిడకు తెలుసు.

మొదటి కప్పు తాగింది. నీళ్ళు పుక్కిలించింది. రెండోది. మళ్ళీ నీళ్ళు. మూడోది తాగి చాలాసేపు ఆగింది. తర్వాత ఆ మూడో కప్పును వేలితో నావైపు తోసింది.

"ఇందులో ఉంది" అంది.

సరిగ్గా చెప్పింది. ముప్పై ఏడు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

"బాగా తెలుస్తోందా అమ్మా?"

"మింగాక తెలుస్తోంది. అది కూడా ఇంతే ఉండేదా? మీ చెల్లి మింగలేకపోయిన టాబ్లెట్?"

"దీనికి పదింతలుండేది."

నేను ఆ మాటకి ఏమీ కలపలేదు, ఏమీ తగ్గించలేదు. పక్క అరలో ఎవరో దగ్గారు.

"పిల్లలు తాగరు దీన్ని" అంది అమ్మ చివరికి. "సగం తాగి పారబోస్తారు."

"అవునమ్మా."

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటావు?"

"మూడు వారాలకి."

"పొద్దున్నే పెట్టు. మధ్యాహ్నమైతే నాకు నోటికి సరిగ్గా తెలియదు" అంది. అటువైపునుంచి తనే పలక మూసింది.